అపలాచియన్ ట్రెయిల్ షెల్టర్లు

అపలాచియన్ ట్రెయిల్ అమెరికా సంయుక్త రాష్ట్రాల తూర్పు భాగంలో, అపలాచియన్ పర్వతశ్రేణి మీదుగా సాగే సుదీర్ఘ కాలిబాట. ఆ బాట వెంట నడిచే హైకర్లు రాత్రిపూట తలదాచుకోవడానికి కట్టిన చిన్న కట్టడాలే అపలాచియన్ ట్రెయిల్ షెల్టర్లు. మూడు వైపుల గోడలు, వాలు కప్పు, నేలకు కొంత ఎత్తున చెక్క అరుగు, తెరిచి ఉన్న నాలుగో వైపు వీటి సాధారణ రూపం. జార్జియా రాష్ట్రంలోని స్ప్రింగర్ కొండ నుంచి మెయిన్ రాష్ట్రంలోని కటాడిన్ శిఖరం దాకా 14 రాష్ట్రాల గుండా సుమారు 3,500 కిలోమీటర్లు సాగే ఈ బాటపై 250కి పైగా షెల్టర్లు ఉన్నాయి. సగటున 13 కిలోమీటర్లకు ఒకటి వస్తుంది. మధ్యలో ఊరు తగిలే చోట్ల ఈ ఎడం 50 కిలోమీటర్ల దాకా పెరగవచ్చు. చాలా షెల్టర్లలో బసకు రుసుము లేదు, ముందస్తు నమోదు లేదు. మంచం, పరుపు, విద్యుత్తు, వంటగది కూడా ఉండవు. కప్పు, అరుగు తప్ప మిగిలినవన్నీ హైకర్ మోసుకు వెళ్లాలి.

1. నిర్వచనం, పరిధి

ఈ వ్యాసంలో షెల్టర్ అంటే ట్రెయిల్ మీదనో, దానికి చేరువలోనో ఉండి, హైకర్లందరికీ ఉమ్మడిగా ఉపయోగపడే, తాళం లేని కట్టడం. చూడటానికి అది పెంకుటింటి వసారాలా ఉంటుంది. దక్షిణ, మధ్య రాష్ట్రాల్లో దీన్ని షెల్టర్ అనీ, మెయిన్‌లో లీన్-టు అనీ, వర్జీనియాలోని షెనాండోవా నేషనల్ పార్కులో హట్ అనీ పిలుస్తారు. న్యూ హ్యాంప్‌షైర్‌లో మాత్రం హట్ అంటే సిబ్బంది, భోజన వసతి, రుసుము ఉన్న పెద్ద విడిది (చూడండి: 3. రకాలు).

ట్రెయిల్‌ను ఒకే యాత్రగా పన్నెండు నెలల లోపు పూర్తిచేసేవారిని త్రూ-హైకర్లు అంటారు. విడివిడి భాగాలుగా నడిచేవారు సెక్షన్ హైకర్లు. శని, ఆదివారాల్లో ఒకటి రెండు రాత్రుల కోసం వచ్చేవారు మూడో వర్గం. షెల్టర్లు ఈ మూడు వర్గాలవారికీ ఉద్దేశించినవి. ప్రధాన బాటను చెట్ల మీదా రాళ్ల మీదా వేసిన తెల్లని నిలువు పట్టీలతో గుర్తిస్తారు. షెల్టర్‌కూ, నీటి వనరుకూ తీసుకెళ్లే పక్కదారులకు నీలి పట్టీలు వేస్తారు.

2. చరిత్ర

2.1 పూర్వరూపాలు

న్యూయార్క్ రాష్ట్రంలోని అడిరాండాక్ కొండల్లో 19వ శతాబ్దపు వేట మార్గదర్శకులు చెట్టు బెరడుతో, దుంగలతో ఒకవైపు తెరిచిన గుడిసెలు వేసేవారు. తెరిచిన వైపు ఎదుట నెగడు వేస్తే వేడి లోపలికి వచ్చేది. నేటి మూడు గోడల నమూనాకు ఇదే మూలం. అపలాచియన్ మౌంటెన్ క్లబ్ 1888లో న్యూ హ్యాంప్‌షైర్‌లోని వైట్ పర్వతాల్లో మాడిసన్ స్ప్రింగ్ హట్‌ను నిర్మించింది. 1910లో ఏర్పడిన గ్రీన్ మౌంటెన్ క్లబ్ వెర్మాంట్ రాష్ట్రంలో లాంగ్ ట్రెయిల్ పేరిట కాలిబాటను, దాని వెంట బస కట్టడాలను ఏర్పరచింది. తరువాతి కాలంలో అపలాచియన్ ట్రెయిల్‌లో సుమారు 160 కిలోమీటర్ల భాగం ఈ బాటతో కలిసిపోయింది.

2.2 మకాయ్ ప్రతిపాదన

అటవీ నిపుణుడు, ప్రాంతీయ ప్రణాళికాకర్త బెంటన్ మకాయ్ 1921 అక్టోబరులో అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆర్కిటెక్ట్స్ పత్రికలో రాసిన వ్యాసంలో అపలాచియన్ ట్రెయిల్‌ను ప్రతిపాదించాడు. బాటతో పాటు, ఒక రోజులో సౌకర్యంగా నడవగల దూరానికొకటిగా విడిది శిబిరాలు ఉండాలన్నది ఆ ప్రణాళికలో ముఖ్య భాగం. కొన్నిచోట్ల స్విట్జర్లాండ్ కొండ విడుదుల తరహాలో భోజనం కూడా దొరకాలని ఆయన సూచించాడు. 1925లో అపలాచియన్ ట్రెయిల్ కాన్ఫరెన్స్ ఏర్పడింది. 2005లో దీని పేరు అపలాచియన్ ట్రెయిల్ కన్సర్వెన్సీగా మారింది. న్యాయవాదులు ఆర్థర్ పెర్కిన్స్, మైరన్ ఏవరీల నాయకత్వంలో క్లబ్బుల స్వచ్ఛంద కార్యకర్తలు బాటను వేశారు. 1937లో అది మొదటి కొస నుంచి చివరి కొస దాకా కలిసింది. భోజన విడుదుల ఆలోచన కొద్దిచోట్లకే పరిమితమైంది. సాదా కప్పు, అరుగులున్న షెల్టరే ప్రధాన నమూనాగా స్థిరపడింది.

2.3 సీసీసీ నిర్మాణాలు

ఆర్థిక మాంద్యం కాలంలో యువకులకు ఉపాధి కల్పించేందుకు ఏర్పడిన సివిలియన్ కన్సర్వేషన్ కోర్ (సీసీసీ, 1933–1942) దక్షిణ రాష్ట్రాల్లోనూ మెయిన్‌లోనూ అనేక షెల్టర్లు కట్టింది. జార్జియాలోని బ్లడ్ కొండపై ఉన్న రాతి షెల్టర్ ఆ నిర్మాణాల్లో ఒకటి. 1938లో నేషనల్ పార్క్ సర్వీస్, ఫారెస్ట్ సర్వీస్ కుదుర్చుకున్న ఒప్పందం సమాఖ్య భూముల్లో బాటకు ఇరువైపులా ఒక్కో మైలు మేర రక్షణ కల్పించింది. బాట పొడవునా షెల్టర్ల వరుస ఉండాలన్నది కూడా ఆ ఒప్పందంలో భాగమే.

2.4 యుద్ధానంతర కాలం

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో నిర్వహణ కుంటుపడింది. 1948లో ఎర్ల్ షాఫర్ మొత్తం బాటను ఒకే యాత్రగా నడిచిన తొలి వ్యక్తిగా నమోదయ్యాడు. 1955లో 67 ఏళ్ల వయసులో ఒంటరిగా బాటను పూర్తిచేసిన ఎమ్మా గేట్‌వుడ్, తాను పత్రికలో చదివిన వర్ణనకూ కళ్లారా చూసిన స్థితికీ పొంతన లేదనీ, కొన్ని షెల్టర్లు కూలిపోయో కాలిపోయో ఉన్నాయనీ చెప్పారు. 1968 నాటి నేషనల్ ట్రెయిల్స్ సిస్టమ్ చట్టం అపలాచియన్ ట్రెయిల్‌ను జాతీయ సుందర కాలిబాటగా గుర్తించింది. 1978 సవరణ తరువాత భూసేకరణ వేగం పుంజుకుంది. ప్రైవేటు భూముల నుంచీ రోడ్ల అంచుల నుంచీ బాటను రక్షిత అడవిలోకి మళ్లించినప్పుడు చాలా షెల్టర్లను కొత్తచోట్ల కట్టాల్సి వచ్చింది.

3. రకాలు

మూడు గోడల షెల్టర్: ఎక్కువ శాతం ఇవే. సామర్థ్యం సాధారణంగా 6 నుంచి 12 మంది. దుంగలు, పలకలు, రాయి నిర్మాణ సామగ్రి. న్యూయార్క్‌లోని హారిమన్ స్టేట్ పార్కులోనూ, గ్రేట్ స్మోకీ పర్వతాల్లోనూ రాతి షెల్టర్లు ఎక్కువ.

అంతస్తుల షెల్టర్: లోపల అటక, లేదా ఒకదానిపై ఒకటిగా అరుగులు ఉంటాయి. వర్జీనియాలోని బ్రయంట్ రిడ్జ్ షెల్టర్ ఈ కోవలోది.

మూసి ఉండే షెల్టర్: నాలుగు గోడలు, తలుపు ఉంటాయి. టెనెసీ, నార్త్ కరోలినా సరిహద్దులోని రోన్ హై నాబ్ షెల్టర్ ఒకప్పుడు మంటల కాపలాదారు నివాసం. సుమారు 1,900 మీటర్ల ఎత్తున ఉన్న ఇది ట్రెయిల్ మొత్తంలో అతి ఎత్తైన షెల్టర్.

క్యాబిన్: పొటోమాక్ అపలాచియన్ ట్రెయిల్ క్లబ్ అద్దెకిచ్చే క్యాబిన్లకు తాళాలు ఉంటాయి, ముందుగా నమోదు చేసుకోవాలి. మసాచుసెట్స్‌లోని అప్పర్ గూస్ పాండ్ క్యాబిన్‌లో వేసవిలో స్వచ్ఛంద సంరక్షకులు ఉంటారు.

హట్: వైట్ పర్వతాల్లో అపలాచియన్ మౌంటెన్ క్లబ్ ఎనిమిది హట్లు నడుపుతోంది. పూర్తి సేవలుండే కాలంలో అంతస్తుల పడకలు, రాత్రి భోజనం, ఉదయం ఫలహారం ఉంటాయి. తాజా సరుకులను సిబ్బంది వీపున మోసుకొస్తారు. చోటు ఉంటే, త్రూ-హైకర్లలో కొందరికి పని చేసినందుకు బదులుగా భోజనం, నేలపై పడుకునే చోటు ఇస్తారు.

ప్రత్యేక షెల్టర్లు: నార్త్ కరోలినాలోని ఫోంటానా డ్యామ్ షెల్టర్ 20 మందికి పైగా పట్టే పెద్ద కట్టడం. దగ్గర్లోనే నీటి కుళాయి, స్నానపు గదులు ఉండటంతో హైకర్లు దాన్ని సరదాగా ఫోంటానా హిల్టన్ అంటారు. ఇటువంటి వసతి అరుదు.

4. నిర్మాణం, స్థల ఎంపిక

స్థలాన్ని ఎంచేటప్పుడు నీటి వనరు, మురుగు నిలవని నేల, గాలి దిశ, రోడ్డు నుంచి దూరం చూస్తారు. రోడ్డుకు మరీ దగ్గరగా ఉన్నచోట చెత్త, గోడలపై రాతలు, రాత్రి విందుల సమస్య ఎక్కువ కాబట్టి కొత్త షెల్టర్లను లోపలి అడవిలో కడతారు. తెరిచిన వైపును ఆ కొండ మీద ఎక్కువగా వీచే గాలికి ఎదురుగా లేకుండా చూస్తారు. కప్పు రేకుతోనో చెక్క పెంకులతోనో వేస్తారు. కొన్నిటికి వెలుతురు కోసం కప్పులో పారదర్శక పలకలు అమర్చారు.

అరుగు అంచున అడ్డంగా ఒక మందపాటి దుంగ ఉండటం ఉత్తరాది షెల్టర్లలో కనిపిస్తుంది. కూర్చోవడానికీ, బూట్లు విప్పుకోవడానికీ ఇది ఉపయోగం. మెయిన్‌లోని పాత షెల్టర్లలో పలకలకు బదులు సన్నని గుంజలను పక్కపక్కన పేర్చి అరుగు వేసేవారు. వాటిని హైకర్లు బేస్‌బాల్ బ్యాట్ అరుగులు అంటారు. గోడలకు సామాను తగిలించే మేకులు, బయట భోజనబల్ల, రాళ్లతో చుట్టిన నెగడు గుంట, మరుగుదొడ్డి సాధారణ అనుబంధాలు. గుడారాలు వేసుకునే చదును స్థలాలు కూడా చాలాచోట్ల ఉంటాయి.

5. రాత్రి బస క్రమం

5.1 చేరిక, చోటు

ముందు వచ్చినవారికి ముందు చోటు అన్నది సాధారణ నియమం. ఒక్కొక్కరికి నిద్రచాప వెడల్పు, అంటే సుమారు అర మీటరు మేర చోటు దక్కుతుంది. అపరిచితుల పక్కన భుజం భుజం తగిలేలా పడుకోవడం మామూలే. స్త్రీ, పురుషులకు వేర్వేరు భాగాలు ఉండవు. స్నేహితుల కోసం చోటు పట్టి ఉంచడం, అరుగుపై గుడారం వేయడం, లోపలి దూలాలకు ఊయల పడక కట్టడం సమ్మతం కావు. వానరోజున అందరూ సర్దుకుని మరొకరికి చోటివ్వడం హైకర్లలో వాడుక. అయినా షెల్టర్‌లో చోటు ఖాయమని ఎవరూ భావించరాదు కాబట్టి గుడారమో టార్పాలినో వెంట ఉంచుకోవాలని నిర్వాహకులు సూచిస్తారు. పెద్ద బృందాలు షెల్టర్‌ను విడిచి గుడారాల్లో ఉండాలని కోరతారు.

దక్షిణం నుంచి ఉత్తరానికి నడిచే త్రూ-హైకర్లలో అత్యధికులు మార్చి, ఏప్రిల్ నెలల్లో బయలుదేరతారు. ఆ కాలంలో జార్జియా, నార్త్ కరోలినా షెల్టర్ల వద్ద రద్దీ తీవ్రంగా ఉంటుంది. షెల్టర్ నిండిపోయాక చుట్టూ పదుల సంఖ్యలో గుడారాలు వెలుస్తాయి.

5.2 నీరు

ఎక్కువ షెల్టర్లకు దగ్గర్లో ఊట గాని వాగు గాని ఉంటుంది. కొన్నిచోట్ల ఊటకు గొట్టం అమర్చారు. శిఖరాల మీద ఉన్నవాటికి నీరు దూరం కావచ్చు; బ్లడ్ కొండ షెల్టర్ వద్ద నీటి వనరే లేదు. వేసవి చివర్లో, ముఖ్యంగా పెన్సిల్వేనియాలో, ఊటలు ఎండిపోతాయి. మార్గదర్శి పుస్తకాల్లోనూ ఫార్‌అవుట్ వంటి ఫోన్ యాప్‌లలోనూ నీటి లభ్యత చూసుకుని బయలుదేరడం పరిపాటి. ఏ నీటినైనా వడపోయాలి, మరిగించాలి, లేదా క్లోరిన్ డయాక్సైడ్ వంటి రసాయనంతో శుద్ధి చేయాలి. సన్నని గొట్టాల వడపోత పరికరాలు బాక్టీరియానూ ప్రోటోజోవానూ ఆపుతాయి, వైరస్‌లను ఆపలేవు. లోపలి నీరు గడ్డకడితే అవి పాడవుతాయి కాబట్టి చలిరాత్రుల్లో వాటిని నిద్రసంచిలోనే పెట్టుకుంటారు.

5.3 వంట, భోజనం

గ్యాస్ లేదా ఆల్కహాలు పొయ్యి మీద నీళ్లు కాచి, అందులో నాననిచ్చే ఆహారం ఎక్కువగా వాడతారు. నూడుల్స్, ఓట్స్, తక్షణం ఉడికే అన్నం, ఎండబెట్టిన కూరలు మామూలు. రవ్వ ఉప్మా మిశ్రమం, అటుకులు వంటివి కూడా ఈ పద్ధతికి సరిపోతాయి. పడుకునే అరుగుపై వండితే అగ్ని ప్రమాదం ఉంటుంది, మెతుకుల వాసనకు జంతువులు వస్తాయి. అందుకే భోజనబల్ల దగ్గరో, దూరంగానో వండమంటారు. గిన్నెలు కడిగిన నీళ్లను ఊటలో కలవనీయకూడదు. చెత్తకుండీలు ఉండవు, ప్రతి ఒక్కరూ తమ చెత్తను తిరిగి మోసుకెళ్లాలి. చెత్తను నెగడు గుంటలో కాల్చడం నిషిద్ధం.

5.4 మరుగుదొడ్డి, పరిశుభ్రత

చాలా షెల్టర్ల వద్ద నీటి వసతి లేని మరుగుదొడ్డి ఉంటుంది. పాతవి గుంట దొడ్లు. కొత్తగా కట్టేవాటిలో ఎక్కువ భాగం మలాన్ని ఎరువుగా మార్చేవి. వీటిలో ప్రతిసారీ గుప్పెడు రంపపుపొట్టు లేదా ఎండుటాకులు వేయాలి. గాలి ఆడటం, తేమ సమతూకం, సూక్ష్మజీవులు, వానపాములు కలిసి వ్యర్థాన్ని ఎరువుగా మారుస్తాయి. మూత్రం ఎక్కువైతే కుళ్లే ప్రక్రియ మందగిస్తుంది కాబట్టి మూత్ర విసర్జన అడవిలో చేయమని అక్కడి సూచనలు చెబుతాయి. దొడ్డి లేనిచోట నీటికీ, బాటకూ, షెల్టర్‌కూ కనీసం 60 మీటర్ల దూరంలో 15–20 సెంటీమీటర్ల లోతు గుంట తవ్వి పూడ్చాలి. కాగితం ఉంటుందన్న భరోసా లేదు. స్నానపు వసతి దాదాపు ఎక్కడా లేదు.

5.5 నిద్ర

చీకటి పడగానే పడుకుని, వెలుతురు రాగానే లేవడం సాధారణ దినచర్య. రాత్రి తొమ్మిది గంటలను హైకర్లు నడిరేయిగా పరిగణిస్తారు. ఆ తరువాత మాటలు, ఫోను ధ్వనులు, తెల్లని తలదీపాల వెలుగు ఇతరులకు ఇబ్బంది. ఎర్రని దీపం వాడటం మర్యాద. గురక, సంచుల చప్పుడు, కప్పుపై వాన, ఎలుకల సందడి తప్పవు. చెవిబిరడాలు ఎక్కువమంది వెంట ఉండే వస్తువు. అరుగు గట్టిగా ఉంటుంది కాబట్టి నిద్రచాప అవసరం. షెల్టర్ వాననూ మంచునూ ఆపుతుంది గానీ వెచ్చదనం ఇవ్వదు. నాలుగువైపులా మూసిన చిన్న గుడారంలో గాలి తాకిడి తక్కువ కాబట్టి అదే వెచ్చగా ఉంటుంది.

5.6 రిజిస్టరు, ఉదయం

ప్రతి షెల్టర్‌లోనూ సాధారణంగా ఒక రిజిస్టరు పుస్తకం ఉంటుంది. హైకర్లు తేదీ, వెళ్లే దిశ, తమ ట్రెయిల్ పేరు (బాటపై వాడే మారుపేరు), నీటి సంగతులు, ఎలుగుల జాడ అందులో రాస్తారు. ఎవరైనా తప్పిపోయినప్పుడు వెతికేవారికి ఈ నమోదులు ఆధారమవుతాయి. తెల్లవారుజామున బయలుదేరేవారు రాత్రే సామాను సర్ది, ఉదయం సంచిని బయటికి తెచ్చి కట్టుకుంటారు. వెళ్లేముందు అరుగు ఊడ్చి, నెగడు పూర్తిగా ఆర్పడం ఆనవాయితీ. మూలన చీపురు ఉంచడం చాలా షెల్టర్లలో కనిపిస్తుంది.

6. జంతువులు, ఆహార భద్రత

ఎలుకలు: షెల్టర్‌లో అందరికీ ఎదురయ్యే జీవి తెల్లకాళ్ల ఎలుక, దాని దగ్గరి జాతులు. ఆహారం వాసన వస్తే సంచి కొరుకుతాయి. పాత షెల్టర్లలో దూలాల నుంచి తాడు వేలాడుతుంది. తాడు మధ్యలో తలకిందులుగా డబ్బా, కింద పుల్ల ఉంటాయి. ఎలుక తాడు పట్టుకు దిగినా డబ్బాను దాటలేదు. ఇది ఎలుకలకే గాని ఎలుగుబంటికి అడ్డు కాదు. సంచి జేబులను తెరిచి ఉంచితే ఎలుకలు వాటిని కొరకకుండా లోపల తిరిగి వెళ్లిపోతాయని హైకర్ల అనుభవం.

నల్ల ఎలుగుబంట్లు: ట్రెయిల్ దాదాపు మొత్తం నల్ల ఎలుగుబంట్ల ఆవాసం. ఆహారానికి అలవాటు పడిన ఎలుగు షెల్టర్ల చుట్టూ తిరగడం ప్రధాన సమస్య. ఆహారం, పళ్లపేస్టు, సబ్బు, చెత్త వంటి వాసన వచ్చే వస్తువులేవీ పడుకునేచోట ఉంచరాదు. కొన్నిచోట్ల ఇనుప పెట్టెలు, కొన్నిచోట్ల ఎత్తైన స్తంభాలు, స్మోకీ పర్వతాల్లో కప్పీతో లాగే తీగలు ఏర్పాటు చేశారు. ఏదీ లేనిచోట గట్టి డబ్బా వాడాలి, లేదా నేలకు 12 అడుగుల ఎత్తున, చెట్టు మానుకు 6 అడుగుల ఎడంగా సంచి వేలాడదీయాలి. ఎలుగు తెరవలేని గట్టి డబ్బాలను మొత్తం బాటపై వాడమని ట్రెయిల్ కన్సర్వెన్సీ సిఫార్సు చేస్తోంది. జార్జియాలో జారర్డ్ గ్యాప్, నీల్ గ్యాప్ మధ్య మార్చి 1 నుంచి జూన్ 1 వరకు రాత్రి బస చేసేవారికి ఇవి తప్పనిసరి. స్మోకీ పర్వతాల షెల్టర్లకు ఒకప్పుడు ముందువైపు ఇనుప జాలీలు ఉండేవి. వాటి చాటున నిలబడి ఎలుగులకు తిండి వేసే అలవాటు పెరగడంతో వాటిని తొలగించారు.

ఏదుపందులు: న్యూ ఇంగ్లండ్ ప్రాంతంలో ఉప్పు కోసం ఇవి చెమట తగిలిన చెక్కను, సంచుల పట్టీలను, బూట్లను కొరుకుతాయి. బూట్లను ఎత్తున తగిలించడం నివారణ.

7. ఆరోగ్యం, వాతావరణం

నోరోవైరస్ కలిగించే వాంతులు, విరేచనాలు రద్దీ కాలంలో షెల్టర్ల వెంట వ్యాపించిన సందర్భాలు ఉన్నాయి. ఉమ్మడి దొడ్డి, భోజనబల్ల, చేతులు మారే చిరుతిండి వ్యాప్తికి కారణాలు. ఆల్కహాలు ద్రవాలు ఈ వైరస్‌పై అంతగా పనిచేయవు. నీటి వనరుకు దూరంగా సబ్బుతో చేతులు కడుక్కోవడమే మెరుగు. నల్లకాళ్ల పిడుదులు లైమ్ వ్యాధిని వ్యాపింపజేస్తాయి. ట్రెయిల్ సాగే మధ్య, ఈశాన్య రాష్ట్రాల్లో ఈ వ్యాధి ఎక్కువ. పడుకునేముందు ఒళ్లంతా చూసుకోవడం, పెర్మెత్రిన్ పట్టించిన బట్టలు వాడటం నివారణ చర్యలు. గబ్బిలాలను తాకరాదు, అవి రేబీస్ మోసే అవకాశం ఉంది.

ట్రెయిల్‌లో అత్యున్నత స్థలం స్మోకీ పర్వతాల్లోని కువోహి, ఎత్తు 2,025 మీటర్లు. ఇంత ఎత్తున ఏప్రిల్‌లో కూడా మంచు కురుస్తుంది. తడిబట్టలతో చలిగాలిలో కూర్చుంటే, ఉష్ణోగ్రత సున్నాకు పైన ఉన్నా, శరీర వేడి ప్రమాదకరంగా పడిపోవచ్చు. చేరగానే పొడిబట్టలు మార్చుకోవడం మొదటి పని. చాలాచోట్ల ఫోను సంకేతం అందదు. నేరాలు అరుదే అయినా జరిగాయి. అనుమానం కలిగితే అక్కడ ఆగకుండా ముందుకు సాగమని కన్సర్వెన్సీ చెబుతుంది.

8. అనుమతులు, రుసుములు

గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ నేషనల్ పార్కులో అనుమతి పత్రం, రుసుము తప్పనిసరి. సాధారణ హైకర్లు షెల్టర్‌లో చోటును ముందే నమోదు చేసుకోవాలి. పార్కుకు కనీసం 80 కిలోమీటర్ల వెలుపల మొదలై, అవతల అంతే దూరంలో ముగిసే నడకకు త్రూ-హైకర్ అనుమతి ఇస్తారు. వీరు ఏ రాత్రి ఎక్కడ ఉండేదీ ముందే చెప్పనక్కరలేదు. కానీ షెల్టర్ నిండితే నమోదు చేసుకున్నవారికి చోటు వదిలి పక్కన గుడారం వేసుకోవాలి. షెనాండోవాలో కూడా రాత్రి బసకు అనుమతి అవసరం. వైట్ పర్వతాల్లో సంరక్షకులున్న కొన్ని బస స్థలాల్లో రుసుము వసూలు చేస్తారు. మెయిన్‌లోని బాక్స్టర్ స్టేట్ పార్కులో దూరప్రయాణ హైకర్ల కోసం కేటాయించిన ది బర్చెస్ స్థలంలో రాత్రికి 12 మందికే చోటు. స్మోకీ పార్కులోని ట్రెయిల్ భాగంలోకీ, బాక్స్టర్ పార్కులోకీ కుక్కలను అనుమతించరు. మిగిలిన చోట్ల ఒకే షెల్టర్‌లో వరుసగా ఒకటి రెండు రాత్రులకు మించి ఉండరాదన్న పరిమితి సాధారణం.

9. నిర్వహణ

ట్రెయిల్ నేషనల్ పార్క్ సర్వీస్ పరిధిలోని జాతీయ కాలిబాట. 1984లో ఆ సంస్థ రోజువారీ నిర్వహణ బాధ్యతల్లో చాలా భాగాన్ని కన్సర్వెన్సీకి అప్పగించింది. సుమారు 30 స్థానిక క్లబ్బులు బాటను భాగాలుగా పంచుకుని, షెల్టర్ల మరమ్మతు, దొడ్ల ఎరువు తీయడం, రిజిస్టర్లు మార్చడం చేస్తాయి. పని ప్రధానంగా స్వచ్ఛంద శ్రమతో సాగుతుంది. 1964 నాటి వైల్డర్‌నెస్ చట్టం వర్తించే అడవుల్లో మోటారు రంపాలు వాడరాదు కాబట్టి అక్కడ ఇద్దరు లాగే చేతిరంపాలతో పని చేస్తారు. రోడ్డు లేని చోట్లకు సామగ్రిని మనుషులో, గుర్రాలో, కొన్నిసార్లు హెలికాప్టరో చేరవేస్తాయి.

శిథిలమైన వాటిని మూసివేయడం కూడా నిర్వహణలో భాగమే. పాత కొట్టాన్ని షెల్టర్‌గా మార్చిన ఓవర్‌మౌంటెన్ షెల్టర్‌ను నిర్మాణం బలహీనపడిందని 2019లో మూసివేశారు. 2020లో కోవిడ్ కారణంగా చాలా షెల్టర్ల వాడకాన్ని నిలిపివేశారు. 2024 సెప్టెంబరులో హెలీన్ తుపాను నార్త్ కరోలినా, టెనెసీ, వర్జీనియాల్లో బాటను తీవ్రంగా దెబ్బతీసింది. బయలుదేరేముందు తాజా ప్రకటనలు చూసుకోవడం ఇందువల్ల అవసరం.

10. ప్రాముఖ్యత, భిన్నాభిప్రాయాలు

షెల్టర్లు రాకపోకలను కొద్ది స్థలాలకు పరిమితం చేస్తాయి. నేల నలుగుడు, మలవ్యర్థాలు, నెగళ్లు అడవంతా వ్యాపించకుండా ఒకేచోట అదుపు చేయవచ్చన్నది వీటికి అనుకూలమైన వాదన. కొత్తవారికి దిశ, నీరు, తోడు దొరకడం, తుపానులో ఆశ్రయం మరికొన్ని ప్రయోజనాలు. వివిధ వయసులు, వృత్తులవారు ఒకే అరుగును పంచుకోవడంతో హైకర్ల మధ్య ఉమ్మడి సంస్కృతి ఏర్పడింది. ట్రెయిల్ పేర్లు, రిజిస్టర్ల ద్వారా సాగే సంభాషణ అందులో భాగాలు.

ఒకేచోట జనం గుమిగూడటం వల్లే ఎలుకలు, ఎలుగుబంట్లు, వ్యాధులు, రద్దీ పెరుగుతాయన్నది వ్యతిరేక వాదన. అడవిలో కట్టడాలే ఉండరాదని కొందరి అభిప్రాయం. సమాఖ్య వైల్డర్‌నెస్ ప్రాంతాల్లో కొత్త కట్టడాలపై కఠిన పరిమితులు ఉన్నాయి. కొండవాలులో తొలిచిన చిన్న చిన్న గుడార స్థలాలను విస్తరించడం ఇటీవల అనుసరిస్తున్న మధ్యేమార్గం.

11. అందుబాటు

దక్షిణ కొసకు చేరువలో ఉన్న అమికలోలా ఫాల్స్ స్టేట్ పార్కు అట్లాంటా నగరానికి రెండు గంటల లోపు ప్రయాణం. అక్కడి నుంచి సుమారు 14 కిలోమీటర్ల నడకతో స్ప్రింగర్ కొండకు చేరవచ్చు. కన్సర్వెన్సీ కేంద్ర కార్యాలయమున్న హార్పర్స్ ఫెర్రీ వాషింగ్టన్‌కు సుమారు 100 కిలోమీటర్లు. న్యూజెర్సీలోకి బాట డెలావేర్ వాటర్ గ్యాప్ వద్ద ప్రవేశిస్తుంది. తెలుగువారు పెద్ద సంఖ్యలో స్థిరపడిన జార్జియా, వర్జీనియా, పెన్సిల్వేనియా, న్యూజెర్సీల గుండా ట్రెయిల్ సాగుతున్నందున వారాంతంలో ఒక రాత్రి బసతో తిరిగి రావడానికి వీలున్న షెల్టర్లు వీరికి చేరువలోనే ఉన్నాయి.

12. ఇతర దేశాల్లో

న్యూజిలాండ్‌లో కన్సర్వేషన్ శాఖ 900కు పైగా హట్లను నిర్వహిస్తోంది. అవి నాలుగు గోడలు, పరుపులు ఉన్నవి. ఎక్కువ భాగానికి టికెట్టు అవసరం. నార్వేలో 1868లో ఏర్పడిన ట్రెకింగ్ అసోసియేషన్ క్యాబిన్లలో సిబ్బంది ఉన్నవి, సరుకులు మాత్రమే ఉన్నవి, ఏమీ లేనివి అని మూడు తరగతులున్నాయి. స్కాట్లాండ్‌లో పాడుబడిన గొర్రెల కాపరుల ఇళ్లను 1965లో ఏర్పడిన మౌంటెన్ బాతీస్ అసోసియేషన్ ఉచిత విడుదులుగా నిలబెడుతోంది. రుసుము, నమోదు లేకపోవడంలో ఇవి అపలాచియన్ షెల్టర్లకు దగ్గర. ఆల్ప్స్ పర్వతాల్లో ఆల్పైన్ క్లబ్బుల హట్లు, నేపాల్‌లో కుటుంబాలు నడిపే టీ హౌస్‌లు భోజనంతో కూడిన వసతి.

ఇవి కూడా చూడండి: అపలాచియన్ పర్వతాలు, బెంటన్ మకాయ్, లాంగ్ ట్రెయిల్, సివిలియన్ కన్సర్వేషన్ కోర్, గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ నేషనల్ పార్కు, నల్ల ఎలుగుబంటి, లైమ్ వ్యాధి.